నాకు కామెర్లు రాలె బిడ్డా

2024 జనవరి 8, సోమవారం. సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయంటే మా ఆఫీసులో కాలు పెట్టే చోటుండదు. ఆ రద్దీలో గుమ్మం పక్కన ఒక పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో బట్టల దుకాణం కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు. మర్రిగూడ వైపు ఊరు. పేరు, ఊరి పేరు రాయను. నేను పెద్దమ్మా అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

"కేసు ఓడిపోయినం బిడ్డా. పై కోర్టుకు పోవచ్చునట గద" అంది.

"తీర్పు ఎప్పుడైంది పెద్దమ్మా?"

"పత్తి రెండో ఏరుడప్పుడు."

నేను నల్గొండలో వకీలు గుమాస్తాని. ఇది 22వ ఏడు. తేదీ అడిగితే పంట చెప్పేవాళ్లు నాకు కొత్త కాదు. కేసు నంబరు ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూశాను. తీర్పు 2023 నవంబర్ 20న అయింది. వేళ్ల మీద లెక్కపెట్టేసరికి నా గుండె జారింది. కింది సివిల్ కోర్టు డిక్రీ (తీర్పులో తేల్చినదాన్ని చెప్పే కోర్టు ఉత్తర్వు) మీద జిల్లా కోర్టుకు అప్పీలు వేయాలంటే గడువు 30 రోజులు. తీర్పు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోరు. అంటే నవంబర్ 21 ఒకటో రోజు, డిసెంబర్ 20 ముప్పయ్యో రోజు. అప్పటికే 19 రోజులు దాటిపోయింది.

"కాపీకి వేశారా?"

"ఏం కాపీ?"

ఈ ఒక్క మాట దగ్గర ఎన్ని సంసారాలు చితికిపోయాయో నేను కళ్లారా చూశాను. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చిందని తెలిసిన రోజే, కోర్టు మెట్లు దిగకముందే, జడ్జిమెంటుకీ డిక్రీకీ సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) కోసం దరఖాస్తు పెట్టాలి. అప్పీలు వేస్తామా వద్దా అన్నది ఇంటికెళ్లి నలుగురూ కూర్చుని తర్వాత తేల్చుకోవచ్చు. కాపీ దరఖాస్తు మాత్రం ఆగకూడదు. ఎందుకంటే 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కాపీ తయారు చేయడానికి కోర్టుకు పట్టిన రోజులను మన గడువులోంచి తీసేస్తారు. పెద్దమ్మ డిసెంబర్ 4న కాపీకి వేసి ఉంటే, అది 22న తయారై ఉంటే, రెండు తేదీలూ కలుపుకుని 19 రోజులు. గడువు డిసెంబర్ 20 నుంచి జనవరి 8కి జరిగేది. అంటే సరిగ్గా ఆమె మా గుమ్మం ఎక్కిన రోజు. కానీ అసలు 30 రోజులు ముగిశాక కాపీకి వేస్తే, ఆ రోజులు మినహాయింపులోకి రావు. అవి కూడా ఆలస్యం ఖాతాలోనే పడతాయి.

కాపీ చేతికొచ్చాక అందరూ ముందు పేజీ తిరగేస్తారు, గెలుపోటములు చూస్తారు. నేను మొదట చూసేది వెనక వేసే ముద్ర. ఊదారంగు సిరా, కొన్ని ముద్రల్లో అక్షరాలు సగం అరిగిపోయి ఉంటాయి. అందులో వరసగా తేదీలు: దరఖాస్తు పెట్టిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ. మా గుమాస్తాలకు జాతకచక్రం లాంటిది ఆ ముద్ర. కాపీ తయారైన తేదీ దాకానే మినహాయింపు. మనం తీరిగ్గా వెళ్లి తెచ్చుకున్న తేదీ దాకా కాదు. చార్జీలు అడిగినట్టు నోటీసు బోర్డులో పెట్టాక కట్టకుండా కూర్చుంటే ఆ జాప్యమూ మనదే. కాపీ తయారైంది, ఎవరూ రాలేదు, అక్కడే బీరువాలో పడి ఉంది, ఆ లోపల గడువు కరిగిపోయింది. ఇలాంటివి ఏటా చూస్తూనే ఉన్నాను.

పెద్దమ్మ చేత ఆ రోజే కాపీకి వేయించాను. జనవరి 29న తయారైంది.

ఆమె కేసు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఎకరం 12 గుంటల చెలక. పెనిమిటి ముప్పయ్యేళ్ల కింద సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద కొన్నాడు. అమ్మినాయన బతికున్నన్నాళ్లూ ఏ పేచీ లేదు. ఆయన పోయాక పిల్లలు, భూమి మా పేరు మీదే ఉంది, మాకు అప్పగించమని దావా వేశారు. డిక్రీ వాళ్లకే వచ్చింది. పెద్దమ్మ పెనిమిటిని నేను ఒక్కసారే చూశాను. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మన జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నడుము విల్లులా వంగి, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిన స్థితి. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి గానీ, వంగిన ఎముకలు తిరిగి నిలబడవు కదా.

గడువు దాటినా దారి పూర్తిగా మూసుకుపోదు. అదే చట్టంలో 5వ సెక్షన్ ఉంది. సకాలంలో రాలేకపోవడానికి తగిన కారణం ఉందని కోర్టు నమ్మితే, ఆలస్యాన్ని మన్నించి అప్పీలు తీసుకోవచ్చు. కోర్టు భాషలో కండోన్ చేయడం అంటారు, మేం డిలే పిటిషన్ అంటాం. అప్పీలు కాగితాలతో పాటే ఆ పిటిషన్, దానికి అఫిడవిట్ (ప్రమాణ పత్రం) పెట్టాలి. ఎదుటివాళ్లు నోరెత్తకపోయినా సరే, గడువు దాటిన అప్పీలును కోర్టు తనంతట తాను కొట్టేయాల్సిందే. కాబట్టి అవతలివాళ్లు మంచివాళ్లు, ఏమీ అనరులే అన్న ధీమా పనికిరాదు. ఇంకో సంగతి, ఈ సెక్షన్ అప్పీళ్లకూ పిటిషన్లకే. కొత్తగా దావా వేయడానికి ఉన్న గడువు దాటితే ఇది ఆదుకోదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫిబ్రవరి 9న పెద్దమ్మ సంతకానికి వచ్చింది. అఫిడవిట్ నేనే టైపు చేసి పెట్టాను. కంప్యూటర్‌లో పాత అఫిడవిట్ తెరిచి, పేరు, నంబరు, తేదీలు మార్చాను. కారణం దగ్గర ఏముందో కోర్టు పక్కన టీ కొట్టు నడిపేవాళ్లకు కూడా తెలుసు: పిటిషనర్ పచ్చకామెర్లతో బాధపడుతూ, నాటు వైద్యం చేయించుకుంటూ, మంచం దిగలేని స్థితిలో ఉన్నందున సకాలంలో వకీలును కలవలేకపోయారు. మన కోర్టుల్లో ఎన్ని వేల డిలే పిటిషన్లలో ఈ కామెర్లు ఉంటాయో లెక్కలేదు. పసరు మందు కాబట్టి డాక్టర్ చీటీ అక్కర్లేదు. మూడు నెలలు పథ్యం అంటే మూడు నెలలు సరిపోతుంది. అందుకే అది అలా తరతరాలుగా నడిచి వస్తోంది. నేను గుమాస్తాగా చేరినప్పుడు నాకు పని నేర్పినాయన టైపు మిషన్ మీద ఇదే వాక్యం కొట్టేవాడు.

అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చాలామంది, ఎక్కడ పెట్టాలి అని మాత్రమే అడుగుతారు. పెద్దమ్మ అట్లా అడగలేదు.

"ఏం రాసినవో సదువు బిడ్డా."

చదివాను. కామెర్ల దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు కామెర్లు రాలె బిడ్డా. లేని రోగం ఉన్నదని రాస్తివి. దాని మీద నేను ఏలు ఎట్ల పెడుదు?"

"కోర్టులో అందరూ ఇట్లనే రాస్తరు పెద్దమ్మా. ఏం కాదు."

"మా ఆయన తుంటి బొక్క ఇరిగి దవాఖాన్ల పడ్డది నిజమే గద. నిజం ఉండంగ అబద్ధమెందుకు?"

కవర్లోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. సర్కారు దవాఖాన డిశ్చార్జి కార్డు. చేరిన తేదీ 2023 డిసెంబర్ 6, పంపిన తేదీ డిసెంబర్ 28. నెల రోజులుగా ఆ కార్డు ఆ కవర్లోనే ఉంది. నేను అడగలేదు కాబట్టి ఆమె చూపించలేదు.

ఆ క్షణంలో నాకు వేరే మనిషి గుర్తొచ్చాడు. కొన్నేళ్ల కిందటి మాట. సూర్యాపేట రోడ్డు వైపు రైతు, 410 రోజుల ఆలస్యం. కూతురు కాపురం చెడి ఇంటికొచ్చింది. పంచాయతీలు, పోలీస్ స్టేషన్లు, హైదరాబాద్‌లో వియ్యంకుల ఇంటి చుట్టూ తిరగడం, వీటితో ఏడాది గడిచిపోయిందని చెప్తూ నా ముందు ఏడ్చాడు. "ఇంటి గుట్టు కోర్టు కాగితాల్లో ఎందుకన్నా, కామెర్లని రాద్దాం" అన్నాను. ఆయనా పరువు దక్కిందనుకుని సంతకం పెట్టాడు. ఎదుటివాళ్లు ఆ నెలల్లోనే ఆయన మిర్యాలగూడ మిల్లులో వడ్లు అమ్మిన రసీదు తెచ్చారు. బోనులో, మంచం దిగలేనివాడివి మిల్లుకు ఎట్లా పోయావని అడిగితే ఆయన తల దించుకున్నాడు. పిటిషన్ కొట్టేశారు. కేసులో ఆయనకు న్యాయం ఉందో లేదో ఏ జడ్జీ చూడనే లేదు. నిజం రాసి ఉంటే గెలిచేవాడని ఖాయంగా చెప్పలేను. కానీ ఆ రోజు ఆయన తల దించుకునేలా చేసింది నేను టైపు చేసిన వాక్యం. అది నన్ను ఇప్పటికీ వదలలేదు.

పెద్దమ్మ ముందే ఆ పేరా మొత్తం చెరిపేశాను. "మొదటి నుంచి చెప్పు పెద్దమ్మా, రోజు రోజుకు" అని కూర్చున్నాను. ఆమె పంటలతో, పండుగలతో చెప్పింది, నేను క్యాలెండర్ చూసి తేదీలు వేశాను. తీర్పు సంగతి పాత వకీలు ఆఫీసువాళ్లు కొడుక్కి ఫోన్‌లో చెప్పారు. కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు. నవంబర్ 30న అసెంబ్లీ ఓట్లకు ఊరికొచ్చినప్పుడు తల్లికి చెప్పాడు. తుపాను వస్తుందంటే చేను మీది పత్తి తడవకుండా ఏరుకుంది. డిసెంబర్ 6న పెనిమిటి వాకిట్లో జారిపడ్డాడు. 28 దాకా దవాఖాన. ఇంటికొచ్చాక మంచం దగ్గర మనిషి లేనిదే ఆయనకు పక్కకు ఒత్తిగిలడం కూడా రాదు. జనవరి 7న కూతురు వచ్చి తండ్రి దగ్గర కూర్చుంటే, 8న మొదటి బస్సెక్కి నల్గొండ వచ్చింది. 29న కాపీ. కోర్టు ఫీజుకు డబ్బు సర్దుకోవడానికి వారం పైన. చివరి ఐదు రోజులు మా ఆఫీసులో కాగితాలు తయారు కావడానికి పట్టినవి. అది కూడా రాద్దామా అని మా వకీలు సార్‌ను అడిగాను. "రాయి, మన ఆలస్యం ఆమె నెత్తిన ఎందుకు" అన్నారు.

ఫిబ్రవరి 12న వేశాం. ఆలస్యం 54 రోజులు.

డిలే పిటిషన్ తేలేదాకా అప్పీలుకు అసలు నంబరు పడదు. ఎస్.ఆర్. నంబరనే తాత్కాలిక నంబరే ఉంటుంది. డిక్రీ అమలును ఆపే స్టే కూడా రాదు. ఇది జనానికి అర్థం కాని టెన్షన్. అప్పీలు వేశాం కదా, ఇక ఎవరూ రారులే అనుకుంటారు. పెద్దమ్మ మీద డిక్రీ ఉంది, అవతలివాళ్లు ఇ.పి. (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసేశారు. కోర్టు అమీనా (ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) ఏ రోజైనా వచ్చి చేను అప్పగించమనవచ్చు. వారానికోసారి కూతురి ఫోన్ నుంచి చేసేది. "ఎవలన్న వస్తరా బిడ్డా ఈ వారం?" అదొక్కటే ప్రశ్న.

ఎదుటివాళ్లు కౌంటర్ (మా పిటిషన్‌కు జవాబు) వేశారు. పెద్దమ్మను బోనెక్కించి అడిగారు.

"తీర్పు సంగతి ఓట్ల నాడే తెలిసింది కదమ్మా. దవాఖానకు పోయింది డిసెంబర్ 6న. మధ్యలో ఆరు రోజులు ఏం చేశారు?"

"పత్తి ఏరిన సారూ. కూలోళ్లు దొరకలె. పత్తి అమ్మితేనే వకీలుకు పైసలు."

కోర్టు హాల్లో ఎవరూ మాట్లాడలేదు. తడుముకోవడానికి ఆమె దగ్గర దాచిపెట్టినదేమీ లేదు.

తర్వాత మా సార్ వాదించారు. ఆ ఆరు రోజుల మీద ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. రాంలాల్ వర్సెస్ రేవా కోల్‌ఫీల్డ్స్ అని సుప్రీంకోర్టు పాత తీర్పు, 1962 రిపోర్టుల్లో ఉంది. ఇచ్చిన 30 రోజులూ మనవే, చివరి రోజున వేసే హక్కు మనకుంది, కాబట్టి గడువు లోపల ఏ రోజు ఏం చేశామో సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. గడువు ముగిసిన రోజు నుంచి కాగితాలు వేసిన రోజు దాకా చెప్పుకుంటే చాలు. అంటే పత్తి ఏరిన ఆరు రోజులు అసలు ప్రశ్నే కాదు. ఆ తర్వాత అందరూ చూపించే 1987 నాటి కాతిజీ తీర్పు చూపించారు. భూసేకరణలో ప్రభుత్వం వేసిన అప్పీలు అది, ఆలస్యం నాలుగే రోజులు. కావాలని ఆలస్యం చేస్తే కక్షిదారుకు ఒరిగేదేమీ లేదని, సాంకేతిక కారణంతో తలుపు మూయడం కన్నా కేసులోని న్యాయం చూడటం మేలని అందులో చెప్పారు. 1998లో బాలకృష్ణన్ కేసులో 883 రోజులను కూడా మన్నించారు. ఎన్ని రోజులన్నది కాదు, చెప్పే కారణం నమ్మేలా ఉందా లేదా అన్నదే కొలమానం అన్నారు.

అలాగని ఈ తీర్పులు చూసి ధైర్యం తెచ్చుకుని కూర్చోవద్దు. 2012లో తపాలా శాఖ 427 రోజుల ఆలస్యంతో వెళ్తే, ఫైలు బల్ల నుంచి బల్లకు తిరిగిందన్న సాకు చెల్లదని అదే సుప్రీంకోర్టు తిప్పి పంపింది. ప్రభుత్వానికే అట్లా అయింది. ఇంకొందరు ఇప్పటికీ వచ్చి, కరోనా టైంలో గడువులన్నీ ఎత్తేశారట కదా అంటారు. సుప్రీంకోర్టు మినహాయించింది 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకానే. ఆ మధ్యలో గడువు ముగిసినవాళ్లకు 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చింది. ఆ కథ ఎప్పుడో అయిపోయింది.

అన్ని కేసులకూ 30 రోజులే అనుకోవద్దు. జిల్లా కోర్టు డిక్రీ మీద హైకోర్టుకు 90 రోజులు, యాక్సిడెంట్ కేసుల తీర్పు మీద హైకోర్టుకు 90, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉత్తర్వు మీద రాష్ట్ర కమిషన్‌కు 45. మీ కాగితం మీద ఏది వర్తిస్తుందో వకీలునే అడగండి. నాలాంటి గుమాస్తా చెప్పాడని ఊరుకోవద్దు. గడువు చివరి రోజు సెలవైతే కోర్టు తెరిచిన రోజే వేయాలి, మర్నాటికి చెల్లదు.

డబ్బు లేక ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు ఇంకా బాధ. పెద్దమ్మ కోర్టు ఫీజు కోసం చేబదులు అడిగిన సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వకీలును వాళ్లే పెడతారు, కోర్టు ఫీజు కూడా వాళ్లే భరిస్తారు. ఎస్సీ, ఎస్టీలకూ, దివ్యాంగులకూ ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో దరఖాస్తు పెడితే చాలు, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. ఆ ముక్క జనవరి 8నే ఆమెకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు గుమ్మం ఎక్కిన ప్రతి ఆడమనిషికీ ముందు అదే చెప్తున్నాను.

జూలైలో ఉత్తర్వు వచ్చింది. ఎదుటివాళ్లకు 500 రూపాయల ఖర్చులు చెల్లించాలన్న షరతు మీద ఆలస్యాన్ని మన్నించారు. డిశ్చార్జి కార్డు తేదీలు, ఆమె బోనులో చెప్పిన మాటలు ఒకదానికొకటి సరిపోయాయని జడ్జి గారు రాశారు. ఖర్చులు కట్టి మెమో వేసిన రోజు అప్పీలుకు ఎ.ఎస్. నంబరు, అంటే అసలు నంబరు పడింది, స్టే పిటిషన్ కూడా కదిలింది. మధ్యంతర స్టే వచ్చింది. ఫోన్ చేసి చెప్తే అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే ఈసారి పత్తే పెడతం బిడ్డా" అంది.

అప్పీలు ఇంకా నడుస్తోంది. సాదా బైనామా మీద కొన్న భూమి, వాదన తేలిక కాదు. ఏమవుతుందో నేను చెప్పలేను. మా ఆఫీసు కంప్యూటర్‌లో ఆ పాత అఫిడవిట్ ఫైలు మాత్రం ఇప్పుడు లేదు. డిలే పిటిషన్ కోసం ఎవరొచ్చినా ముందు క్యాలెండర్ తీసి టేబుల్ మీద పెడతాను. దవాఖాన కార్డు, బస్సు టికెట్, కాన్పు కాగితం, చావు సర్టిఫికెట్, ఏమున్నా తెమ్మంటాను.

పోయిన నెల పెద్దమ్మ వచ్చింది. ఆ రోజు ఆమె వాయిదా లేదు. వెంట వాళ్ల ఊరాయన ఒకరు ఉన్నారు, ముఖం పీక్కుపోయి ఉంది. గుమ్మం లోపలికి ఆయన్ని ముందు తోసి, నాతో చెప్పింది:

"నిన్ననే అయింది ఈయన తీర్పు. ఓడిపోయిండు. ఏడ్సుడు తర్వాత గనీ, ముందు కాపీకి ఎయ్యి బిడ్డా."